చోబే ఒక్కరోజు సఫారీ: పడవకి పూర్తి మార్కులు, జీపుకి సగమే

విక్టోరియా జలపాతం ప్యాకేజీ కాగితం చేతికొస్తే అందులో ఎక్కడో ఒక మూల "చోబే డే ట్రిప్, పడవ, జీపు, మధ్యాహ్న భోజనంతో" అని ఉంటుంది. పక్కన మనిషికి 150 డాలర్లకి పైమాటే. నలుగురున్న కుటుంబం ఆ అంకె చూసి ముందుగా కొట్టేసేది ఈ లైనునే. కొట్టేయకండి. బెజవాడ నుంచి అంతదూరం వెళ్ళి జలపాతం ఒక్కటే చూసి రావడం కన్నా ఈ ఒక్కరోజు కలుపుకోవడం మేలు. కాకపోతే ఇందులో రెండు వేర్వేరు సరుకులు ఒకే ధరకి కట్టి అమ్ముతున్నారని తెలిసి కొనాలి. పడవ పూట ఇచ్చిన డబ్బుకి మించి ఇస్తుంది. జీపు పూటకి మాత్రం వేళ కుదరదు.

చోబే నేషనల్ పార్కు బోత్స్వానా ఉత్తర కొసన ఉంది. జలపాతం ఉన్నది జింబాబ్వే, జాంబియాల మధ్య. అంటే ఇది దేశం దాటి వెళ్ళి సాయంత్రానికి వెనక్కొచ్చే ప్రయాణం. జింబాబ్వే వైపు విక్టోరియా ఫాల్స్ ఊళ్ళో పొద్దున్న 7, 7:30 మధ్య హోటల్ దగ్గర ఎక్కించుకుంటారు. కజుంగులా సరిహద్దు సుమారు 70 కిలోమీటర్లు, గంట పడుతుంది. అక్కడ దిగి ఒకవైపు ఎగ్జిట్ స్టాంపు, ఇంకోవైపు ఎంట్రీ స్టాంపు వేయించుకుని బోత్స్వానా బండి ఎక్కాలి. కసానే అనే చిన్న ఊరు చేరి 9:30 ప్రాంతంలో పడవ ఎక్కితే రెండున్నర, మూడు గంటలు నీటి మీదే. తర్వాత లాడ్జిలో భోజనం. 1:30 నుంచి 4 దాకా జీపు. తిరిగి హోటల్ చేరేసరికి 5:30 దాటుతుంది. జాంబియా వైపు లివింగ్‌స్టన్‌లో దిగినవాళ్ళు 2021 మేలో తెరిచిన 923 మీటర్ల కజుంగులా వంతెన మీదుగా వస్తారు. అంతకుముందు అక్కడ లారీలన్నీ పంటు మీద జాంబేజీ నది దాటేవి, రోజులకి రోజులు వరసలో నిలబడి.

ఈ ట్రిప్పులో చాలామందికి దెబ్బ తగిలేది అడవిలో కాదు, ఆ సరిహద్దు కౌంటర్ దగ్గర. జింబాబ్వేకి సింగిల్ ఎంట్రీ వీసా తీసుకుని చోబే వెళ్తే, ఎగ్జిట్ స్టాంపు పడగానే ఆ వీసా పని అయిపోయినట్టే. సాయంత్రం తిరిగి రావడానికి మళ్ళీ డబ్బు కట్టాలి. డబుల్ ఎంట్రీ వీసా కావాలి, లేదా మీకు దొరికేటట్టయితే 50 డాలర్ల కాజా యూనివీసా. అది జాంబియా, జింబాబ్వే రెండింటికీ చెల్లుతుంది, కజుంగులా మీదుగా ఒక్కరోజు బోత్స్వానా వెళ్ళొచ్చినా చెడదు. భారత పాస్‌పోర్టుకి ఆ మూడు దేశాలూ ఆ నెలలో ఏం అడుగుతున్నాయో టూర్ వాళ్ళతో మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో "చూసుకుందాంలే సార్" అన్న మాట కౌంటర్ దగ్గర పనికిరాదు. పిల్లలుంటే తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న ఇంగ్లీషు జనన ధ్రువపత్రం, ఒక్కరే తీసుకెళ్తుంటే రెండోవారి అంగీకార అఫిడవిట్ కూడా పెట్టుకోవాలి.

ఇక పడవ. బుక్ చేసేముందు అడగాల్సింది ఒకటే: పడవలో ఎన్ని సీట్లు? పదీ పదిహేను మంది పట్టే చదునైన అల్యూమినియం పడవైతే ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్ళలోకి కూడా వెళ్తుంది. కూర్చున్నవాళ్ళ కళ్ళు నీటికి మీటరున్నర ఎత్తులో ఉంటాయి, ఒడ్డున నిలబడ్డ ఏనుగు తలెత్తి చూడాల్సినంత ఎత్తుగా కనిపిస్తుంది. రెండంతస్తుల పెద్ద పడవలో టాయిలెట్, కూల్‌డ్రింకులు, నీడ అన్నీ ఉంటాయి, కానీ అది నడి ఏట్లోనే ఉండిపోతుంది. పైగా ఏ జంతువు కనబడినా జనమంతా ఒకే పక్కకి చేరతారు. పెద్దవాళ్ళకి, పసిపిల్లలున్నవాళ్ళకి అది సుఖం. మిగతావాళ్ళు చిన్న పడవే అడగండి. చిన్నదానిలో టాయిలెట్ ఉండకపోవచ్చు, ఎక్కేముందే చూసుకోవాలి.

బోత్స్వానాలో సుమారు 1,30,000 ఏనుగులున్నాయి, ప్రపంచంలో ఇంకే దేశంలోనూ ఇన్ని లేవు. వానల్లేని నెలల్లో లోపలి గుంటలు ఎండిపోయాక చోబే నదే వాటికి దిక్కు. మన ఏనుగుల్లో దంతాలు మగవాటికే. ఇక్కడ ఆడవాటికీ ఉంటాయి. చెవులు చేటలకన్నా ఎన్నో రెట్లు పెద్దవి. తొండం కొసన మన ఏనుగుకి ఒక వేలిలాంటి మొన ఉంటే వీటికి రెండు. ఆ రెండు మొనల పని దగ్గరగా చూడాలంటే నది మధ్యలో ఉన్న సెడుడు దీవి దగ్గర పడవ ఇంజన్ ఆపించి పది నిమిషాలు కూర్చోవాలి. ఏనుగు గడ్డి దుబ్బుని తొండంతో చుట్టి, ముందుకాలితో దుబ్బు మొదలు దగ్గర ఒక్క తన్ను తన్ని వేళ్ళతో సహా లాగుతుంది. వెంటనే నోట్లో పెట్టుకోదు. నీళ్ళలో అటూ ఇటూ ఝాడిస్తుంది, ఒకసారి, రెండుసార్లు, ఇసుక పోయేదాకా, మన ఇళ్ళల్లో గోంగూర కట్ట కడిగినట్టు. ఇసుకతో నమిలితే పళ్ళు అరిగిపోతాయి. ఏనుగుకి జీవితం మొత్తానికి ఆరు వరసల దవడపళ్ళే, ఆఖరి వరస అరిగితే మేత తినలేదు. ఈ కడుగుడు చూపించి, ఎందుకో చెప్పి, ఆ తర్వాత నోరు మూసుకునే గైడు దొరికితే ఆ రోజు మీ అదృష్టం. గుంపు నది ఈదుతున్నప్పుడు ఇంకా బాగుంటుంది: ఒళ్ళంతా మునిగి, గాలి కోసం తొండాలు మాత్రం నీటిపైన తేలుతుంటాయి, పిల్లలు పెద్దవాటి మధ్యలో.

సెడుడు దీవి కథ కృష్ణ లంకల వాళ్ళకి బాగా అర్థమవుతుంది. ఏరు రెండు పాయలుగా చీలి మధ్యలో మిగిలిన లంక అది. అవతల ఒడ్డు నమీబియా. 1890 నాటి బ్రిటిష్, జర్మన్ ఒప్పందంలో "ప్రధాన పాయ" సరిహద్దు అని రాశారు, ఏది ప్రధాన పాయో రాయలేదు. తగాదా అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఉత్తరపు పాయే ప్రధానమని తేల్చి 1999 డిసెంబరులో దీవిని బోత్స్వానాకి ఇచ్చారు. దీవి మీద ఆ దేశం జెండా కనిపిస్తుంది, చుట్టూ దున్నలు మేస్తూ.

నీటిగుర్రాల దగ్గర గైడు ఎలా ప్రవర్తిస్తాడో చూసి కంపెనీకి మార్కులు వేయొచ్చు. బెదిరితే నీటిగుర్రం లోతు నీళ్ళవైపే పరిగెడుతుంది. కాబట్టి దానికీ లోతుకీ మధ్య పడవ పెట్టకూడదు. అది మునిగితే ఐదు నిమిషాలైనా లోపలే ఉండగలదు, ఎక్కడ లేస్తుందో పైనుంచి తెలియదు. మంచి గైడు అది మునిగిన చోటు నుంచి పక్కకి తప్పుకుంటాడు. మొసలి నోరు తెరుచుకుని పడుకుంటే కోపమని కాదు, ఒంటి వేడి దించుకుంటోందంతే. అలాగని అంచు మీద చెయ్యి వేలాడదీయకూడదు, నీళ్ళలో ముంచకూడదు. లైఫ్ జాకెట్ ఇస్తే కట్టుకోండి, ఇవ్వకపోతే అడగండి, పిల్లల సైజు ఉందో లేదో ఎక్కేముందే చూడండి. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగినవి చూసినవాళ్ళకి ఈ విషయంలో మొహమాటం ఉండకూడదు.

పక్షుల కోసం వెళ్ళేవాళ్ళకి పడవ పూట ఒక్కటే సరిపోతుంది. ఉప్పలపాడు చెరువు గట్టున నిలబడి నత్తగొట్టు కొంగల్ని, పాముబాతుల్ని గుర్తుపట్టడం వచ్చినవాళ్ళకి ఇక్కడ వాటి ఆఫ్రికా చుట్టాలు కనిపిస్తాయి. తెల్ల తలతో చేపల గద్ద, వానల్లేని నెలల చివర్లో ఒడ్డు మట్టిగోడల్లో బొరియలు చేసుకునే ఎర్రటి తేనెటీగ పిట్టలు అదనం.

ఫొటోలు తీసేవాళ్ళకి ఒక్క మాట. కసానే ఉన్నది దాదాపు 18 డిగ్రీల దక్షిణ అక్షాంశం, బెజవాడ 16.5 ఉత్తరం. భూమధ్యరేఖకి ఇటు మనం, అటు వాళ్ళు, ఇంచుమించు అద్దంలో బొమ్మలా. అక్కడి చలికాలంలో, అంటే జూన్, జూలైల్లో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, పార్కు ఒడ్డు నదికి దక్షిణాన. అందుకే పడవలోంచి ఒడ్డు చూస్తుంటే వెలుగు మీ వెనక నుంచి జంతువుల మీద పడుతుంది. అదే ఒడ్డు మీద జీపులోంచి నదివైపు తీస్తే నల్లటి ఆకారాలే వస్తాయి. పడవలో 70-200 మి.మీ. లెన్సు చాలు, జీపులో 400 దాకా కావాలి. బైనాక్యులర్ 8x42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది కొనండి. కదిలే పడవలో 10x బొమ్మ వణుకుతుంది. డ్రోను అసలు పెట్టెలోనే పెట్టొద్దు, అనుమతి లేకుండా పార్కులో నిషేధం.

జీపు అంటే పక్కలు తెరిచి ఉన్న ల్యాండ్ క్రూయిజర్, మెట్లలా మూడు వరసలు. వెనక వరస ఎత్తు కాబట్టి చూపు బాగుంటుంది, కానీ అది వెనక ఇరుసు మీద, ఇంకా వెనక్కి ఉంటుంది. ప్రతి గుంటకీ సీటు మీంచి లేచిపడతారు. నడుం నొప్పి ఉన్నవాళ్ళు డ్రైవర్ వెనక వరస అడిగి తీసుకోవాలి, గర్భిణులు ఈ పూట మానుకోవాలి. నేల కలహారి ఎడారి ఇసుక, టైర్లలో గాలి తగ్గించి నడుపుతారు. ముందు బండి లేపిన దుమ్ము వెనక బండికి. మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి, లెన్సు మార్చడం జీపులో కుదరదు.

అసలు లోపం దుమ్ము కాదు, వేళ. మధ్యాహ్నం 2 గంటలకి సింహం పొద కింద పడుకుని ఉంటుంది, చిరుత సంగతి చెప్పక్కర్లేదు. గైడు ఇసుకలో అడుగుజాడలు చూస్తాడు, ఇంపాలా జింకలు, బాబూన్ కోతులు అరిచే హెచ్చరిక వింటాడు, రాబందులు ఎక్కడ తిరుగుతున్నాయో చూస్తాడు. అయినా ఆ వేళకి దొరికితే దొరికినట్టు. ఏనుగులు, జిరాఫీలు, దున్నలు, కుడూ జింకలు మాత్రం నీటికి దిగుతూ కనిపిస్తాయి. "బిగ్ ఫైవ్ గ్యారంటీ" (సింహం, చిరుత, ఏనుగు, దున్న, ఖడ్గమృగం) అని ఎవరైనా రాస్తే ఆ కంపెనీని వదిలేయండి. చోబేలో ఖడ్గమృగం మీద ఆశ పెట్టుకోకూడదు. పులి కోసం శ్రీశైలం దగ్గర తుమ్మలబైలు జీపెక్కి నెమలిని చూసి వచ్చినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. రోడ్డు దిగి పొదల్లోకి పోనిమ్మని డ్రైవర్‌ని ఒత్తిడి చేయొద్దు, పార్కులో అది నిషేధం. ఏనుగు చెవులు విప్పి తల ఊపితే బెదిరింపు, చెవులు వెనక్కి అతికించి తొండం లోపలికి ముడిస్తే నిజంగా వస్తున్నట్టు. అప్పుడు కెమెరా చప్పుడు కూడా చేయకూడదు.

దీనికి విరుగుడు ఒకటుంది. కసానేలో ఒక రాత్రి ఉండండి. పొద్దున్న 6కి జీపు, మధ్యాహ్నం 3కి పడవ. అవే రెండు సరుకులు, వేళలు మారాయంతే, చూసేది రెట్టింపవుతుంది. ఖర్చు పెరుగుతుంది నిజమే, బడ్జెట్ సాగితే ఇదే చేయండి.

ఏ నెల అన్నది మన సెలవుల లెక్కలో చెప్పుకుంటే తేలిక. మే సెలవుల్లో వెళ్తే జలపాతం నిండుగా ఉంటుంది, కానీ చోబే కూడా నిండి దీవి చాలావరకు నీటి కింద ఉంటుంది, ఏనుగులు చెదిరి ఉంటాయి. దసరా సెలవుల్లో వెళ్తే ఏనుగులు వందల్లో, ఎండ మన రోహిణి కార్తెకి దగ్గర్లో, జలపాతం మాత్రం జాంబియా వైపు సన్నబడి రాయి బయటపడుతుంది. రెండూ కావాలంటే జూలై, ఆగస్టు. ఆ నెలల్లో పొద్దున్న పడవలో చలి ఎముకలు కొరుకుతుంది. స్వెట్టర్ మీద గాలి ఆపే జాకెట్టు, మధ్యాహ్నానికి విప్పేసేలా. సైనికుల మచ్చల బట్టలు వద్దు, జింబాబ్వేలో అవి చట్టవిరుద్ధం.

లాడ్జి భోజనం బఫే. శాకాహారులకి అన్నం, ఉడికించిన కూరగాయలు, సలాడ్, బ్రెడ్డు. ముందు రోజే చెబితే ఇంకొకటి వండుతారు. గుంటూరు కారం అలవాటైన నాలుకకి చప్పగా ఉంటుంది. కందిపొడి, ఆవకాయ చిన్న ప్యాకెట్లు పెట్టుకోండి. చికెన్, మటన్ పచ్చళ్ళు, పెరుగు మాత్రం సరిహద్దు దాటించొద్దు. గాలికుంటు వ్యాధి భయంతో మాంసం, పాల పదార్థాలని అక్కడ ఆపుతారు, బూట్లు కూడా మందు నీళ్ళ పట్టా మీద తొక్కిస్తారు. గేదెలున్న ఇళ్ళవాళ్ళకి ఆ జాగ్రత్త ఎందుకో వివరించక్కర్లేదు.

ఇది మలేరియా ఉన్న ప్రాంతం, అక్కడి వానాకాలంలో (నవంబరు నుంచి మార్చి) మరీ. డాక్టర్ రాసే మలేరియా మాత్ర అటోవాక్వోన్-ప్రోగువానిల్ అయితే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి వచ్చాక 7 రోజులు, డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక 4 వారాలు. డాక్సీసైక్లిన్ వేసుకుంటే ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది, పడవలో టోపీ తీయొద్దు. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా టికెట్టు కొంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు దగ్గరుండాలి. ఆ టీకా హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, వేయించుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది.

టిప్పులకి చిన్న డాలర్ నోట్లు, చిరుగులు లేనివి. బోత్స్వానా డబ్బు పేరు పులా, వాళ్ళ భాషలో ఆ మాటకి వాన అని అర్థం. సాయంత్రం జింబాబ్వే కౌంటర్ దగ్గర అందరూ అలసిపోయి తొందరపడతారు. స్టాంపు మీద తేదీ, ఎన్ని రోజులు రాశారో అక్కడే నిలబడి చదవండి. తప్పుంటే ఆ కిటికీ దగ్గరే దిద్దించుకోవాలి, బండెక్కాక కాదు.