ఏడాదిన్నర వాడాక: చాట్‌బాట్ చెప్పిన ఆరోగ్య సలహాలు

ఏడాదిన్నరగా ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా ముందు ఫోన్‌లో ఏఐ చాట్‌బాట్‌ని అడగడం అలవాటైపోయింది. ఉచితంగా వచ్చేదే వాడుతున్నాను. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఒంట్లో బాలేదు, రోగమేంటో చెప్పమంటే బారెడు చదివించి చివరికి డాక్టర్‌ని కలవమంటుంది. ఆ పనికైతే సున్నా. టీకాలు, కుక్కకాటు, దోమలు, విరేచనాలు లాంటి వాటిలో మాత్రం నిజంగా పనికొచ్చింది.

మొన్న వేసవిలో మా అన్న కొడుకుని వీధికుక్క పిక్క మీద కరిచింది. రక్తం కారుతోంది. అమ్మ అప్పటికే పసుపు, కారం కలిపి పట్టుకొచ్చింది. నేను తెలుగులోనే టైప్ చేశాను. ముందు సబ్బుతో కుళాయి కింద 15 నిమిషాలు కడగండి, పసుపూ కారం వద్దు, ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి అని మొదటి మూడు లైన్లలోనే చెప్పింది. రక్తం వచ్చిందా అని అడిగింది. వచ్చిందంటే, టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ వైరస్‌ని వెంటనే అడ్డుకునే సూది మందు) కూడా వేయించాలంది. ఆ మాట తెలియకపోతే చేతికి సూది వేయించుకుని ఇంటికొచ్చేసేవాళ్లం. అది పీహెచ్‌సీలో లేదు, జిల్లా ఆసుపత్రికి పంపారు. ఎక్కడ స్టాకుందో చాట్‌బాట్‌కేం తెలుస్తుంది పాపం.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. చాట్‌బాట్ 0 (మొదటి సూది వేసిన రోజు), 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులంది. చీటీలో చూస్తే నాలుగే ఉన్నాయి, 14వ రోజు లేదు. ఒకటి రాయడం మర్చిపోయారేమోనని సిస్టర్‌ని అడిగాను. ఆవిడ నవ్వి, "అది కండకు వేసే లెక్క సార్. మేం చర్మంలోకి వేస్తాం, రెండు చేతులకీ. నాలుగు సార్లే" అన్నారు. ఇంటికొచ్చి ఆ ముక్క కలిపి అడిగితే చాట్‌బాట్ కూడా 0, 3, 7, 28 అంది. ఏ పద్ధతిలో వేస్తున్నారని ముందే అడగొచ్చుగా!

పాప టీకాల దగ్గరా ఇదే తంతు. ఇంగ్లిష్‌లో అడిగితే అమెరికా పట్టిక ఇచ్చింది. అందులో బీసీజీ (క్షయ టీకా) లేనే లేదు, తట్టు టీకా ఏడాది నిండాక. మనకేమో పుట్టగానే బీసీజీ, 9 నెలలు నిండగానే మొదటి ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా). "భారత ప్రభుత్వ షెడ్యూల్ ప్రకారం" అని రాస్తేగానీ దారికి రాలేదు.

దాని తెలుగుతో ఇంకో గోల. విరేచనాలప్పుడు ఇచ్చిన జవాబులో "నిర్జలీకరణం" అని ఉంటే, అమ్మ "అదేం రోగంరా?" అంది. ఒంట్లో నీరు తగ్గిపోవడమని నేనే చెప్పాను. ఇప్పుడు ప్రతి ప్రశ్న చివరా "మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పు" అని కలుపుతున్నాను. రెండు జవాబుల దాకా బాగానే ఉంటుంది, మూడోదానికి మళ్లీ నిర్జలీకరణమే.