8 భాగాల ప్లాస్టిక్ మెదడు: నర్సింగ్ ఫస్టియర్‌కి పనికొస్తుందా?

ఆన్‌లైన్‌లో 'బ్రెయిన్ మోడల్, 8 పార్ట్స్' అని వెతికితే వచ్చేవన్నీ దాదాపు ఒకే తరహావి. నిలువుగా రెండు సగాలు, ఒక్కో సగంలో నాలుగు ముక్కలు: పెద్దమెదడు లోబుల్లో (భాగాల్లో) ఫ్రంటల్, పెరైటల్ కలిపి ఒకటి, టెంపొరల్, ఆక్సిపిటల్ కలిపి ఒకటి, బ్రెయిన్‌స్టెమ్ (మెదడును వెన్నుపాముతో కలిపే కాడ) సగం, చిన్నమెదడు సగం. డబ్బా మీద కంపెనీ పేరు కూడా సరిగ్గా ఉండని చవక రకం గురించే ఈ రివ్యూ. జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ పిల్లలు నలుగురు చందాలేసుకుని హాస్టల్ గదికి తెచ్చుకునేది ఇదే.

డబ్బు దండగైతే కాదు. కానీ అందరూ రంగురంగుల లోబులు చూసి కొంటారు, అసలు సరుకు మాత్రం బ్రెయిన్‌స్టెమ్ ముక్కలో ఉంది. లోబులు పుస్తకంలో బొమ్మ చూసినా వచ్చేస్తాయి. బ్రెయిన్‌స్టెమ్ చేతిలో తిప్పి చూడనిదే తలకెక్కదు.

దాని రెండు సగాలూ కలిపి ముందువైపు చూడండి. పైన మిడ్‌బ్రెయిన్, మధ్యలో ఉబ్బెత్తుగా పాన్స్, కింద మెడుల్లా. మిడ్‌బ్రెయిన్‌లోని రెండు లావు స్తంభాల మధ్య నుంచి బయటికొచ్చేది మూడో నాడి, ఆక్యులోమోటర్ (మెదడు నుంచి నేరుగా వచ్చే కపాల నాడుల్లో మూడోది). ఇప్పుడు టెంపొరల్ ముక్క తగిలించండి. దాని లోపలి అంచున ఉన్న బుడిపె, అన్కస్, ఆ నాడిని ఇంచుమించు ఒరుసుకునే ఉంటుంది. తలకు దెబ్బ తగిలి ఒక పక్క రక్తం చేరితే ఒత్తిడికి అన్కస్ కిందికి జారి ఈ నాడిని నొక్కేస్తుంది. ప్యూపిల్‌ను (కంటిపాపను) చిన్నది చేసే తంతువులు నాడి పైపొరలోనే ఉంటాయి కాబట్టి దెబ్బ ముందు వాటికే. అందుకే సాధారణంగా అదే పక్క ప్యూపిల్ పెద్దదై, టార్చి వేసినా కదలదు. న్యూరో వార్డులో పదే పదే పెన్‌టార్చి ఎందుకు వేయిస్తారో ఈ రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, అర్థమైపోతుంది.

మెడుల్లా ముందువైపున్న రెండు నిలువు గట్లు పిరమిడ్లు. వాటి అడుగున చాలావరకు మోటార్ తంతువులు (కదలికలు నడిపేవి) అటువి ఇటు, ఇటువి అటు దాటతాయి. ఎడమ మెదడులో స్ట్రోక్ వస్తే కుడి చెయ్యి పడిపోయేది ఇందుకే. ఆ దాటే చోటు ఈ మోడల్‌లో గీసి లేదు. పెన్సిల్‌తో మీరే గుర్తు పెట్టుకోవాలి.

తప్పుల సంగతికొద్దాం. నాలుగో నాడి అసలు లేదు. కపాల నాడుల్లో బ్రెయిన్‌స్టెమ్ వెనకవైపు నుంచి బయటికొచ్చేది అదొక్కటే, అచ్చు పోసినవాళ్లు దాన్ని వదిలేశారు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా 12 జతలకు 11 తేలతాయి. వైవాకు ఇదే నమ్ముకుని వెళ్తే ఇంతే సంగతులు. బ్రోకా ఏరియాకు రెండు పక్కలా రంగు వేసేశారు. మాట పలికించే ఆ భాగం చాలామందిలో ఎడమవైపే పనిచేస్తుంది. మెదడును కప్పే మెనింజెస్ పొరలు లేవు, కాబట్టి ఎక్స్‌ట్రాడ్యూరల్ (పై పొర బయట), సబ్‌డ్యూరల్ (ఆ పొర కింద) రక్తం చేరడంలో తేడా దీంతో రాదు. దానికి చార్టే దిక్కు.

సీఎస్ఎఫ్ (మెదడు లోపలా చుట్టూ తిరిగే ద్రవం) దారి మాత్రం కాస్త కష్టపడితే దొరుకుతుంది. ఒక సగాన్ని విడదీసి కోసిన వైపు పైకి పెట్టి, మూడో వెంట్రికల్ (ఈ ద్రవం ఉండే గది) నుంచి సన్నటి కాలువ అక్విడక్ట్ గుండా నాలుగో వెంట్రికల్‌లోకి నీలం ఊలుదారం పరచండి. రోజుకు దాదాపు 500 మి.లీ. తయారవుతుంది, ఏ క్షణాన చూసినా ఉండేది 150 మి.లీ. చిల్లర. అంటే మొత్తం ద్రవం రోజుకు మూడు సార్లకు పైగా మారాలి. దారం ఇరుకున పడే ఆ అక్విడక్ట్ దగ్గర ద్రవానికి అడ్డుపడితే పై వెంట్రికల్స్ ఉబ్బుతాయి, అదే హైడ్రోకెఫలస్.

వాడకంలో ముందు పాడయ్యేవి పిన్నులు. బ్రెయిన్‌స్టెమ్ పిన్ను త్వరగా వదులైపోతుంది. ఫెవిక్విక్ వేశారంటే మోడల్ 8 నుంచి 7 భాగాలకు దిగుతుంది. ప్లంబర్లు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు పిన్నుకు రెండు చుట్లు చుడితే బిగుస్తుంది. బిగించేటప్పుడు ముందు పెద్దమెదడు ముక్కలు, తర్వాత బ్రెయిన్‌స్టెమ్, ఆఖర్న చిన్నమెదడు. వరస తప్పితే సన్నటి నాడులు ఒరుసుకుని విరుగుతాయి. ఇంకోటి, నర్సింగ్ చేతులకు అలవాటే గానీ, దీన్ని స్పిరిట్ దూదితో తుడవొద్దు. రంగుతో పాటు భాగాల మీది అంకెలూ లేచిపోతాయి. సబ్బునీళ్లలో పిండిన గుడ్డ చాలు.

పార్సిల్ రాగానే ముక్కలన్నీ ఊడదీసి, మూడో నాడి రెండు పక్కలా విరక్కుండా ఉందో లేదో, భాగాల పేర్లుండే కార్డు మీది అంకెలు మోడల్ మీదివాటితో కలుస్తున్నాయో లేదో వాపసు గడువు లోపే చూసుకోండి.