బ్లాక్ అండ్ వైట్ ఫొటోలకు ఏది మేలు, కానన్ జీ570నా ఎప్సన్ ఎల్8050నా?

బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు ఇంట్లనే ప్రింట్ తీసుకుందామనుకునేటోళ్లు షాపుకు పోయి "బ్లాక్ అండ్ వైట్ ప్రింటర్ కావాలె" అని మాత్రం అడగకుండ్రి, అట్ల అడిగితే ఆఫీసు కాయితాలకు వాడే మోనో ఇంక్ ట్యాంకో లేజరో తెచ్చి ముందల పెడ్తరు. దాంట్ల ఉండేది ఒక్క నలుపే, బూడిద రంగు రావాలంటే నల్ల చుక్కలు దూరం దూరంగ వేసుడే, అక్షరాలకు మంచిగనే ఉంటది గానీ మొహం మీద, మబ్బుల మీద ఇసుక చల్లినట్టు కనబడ్తది. నలుపు తెలుపుకు కూడా కలర్ ఫొటో ప్రింటరే కావాలె, ఇనడానికి విచిత్రమే గానీ అంతే.

తక్కువ ఖర్చుల ఏ4 సైజుకు నేను చూసేది రెండే, కానన్ పిక్స్మా జీ570, ఎప్సన్ ఎల్8050. రెండూ ఆరు రంగుల ఇంక్ ట్యాంకులే, రెండిట్ల డై ఇంకే (నీళ్లల్ల కరిగే రంగు), రెండిటికీ స్కానర్ లేదు (పాత ఫొటోలు స్కాన్ చేసుడు ఉంటే కానన్ల జీ670 ఉన్నది). రేటు కొనే రోజు చూసుకోండ్రి, ఊకె మారుతది. డబ్బా మీద ఎప్సన్ 5760 x 1440 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలని లెక్క) అని, కానన్ 4800 x 1200 అని ఉంటది, ఆ అంకెలు చూసి ఎప్సన్ పట్టుకొచ్చుకునేటోళ్లు ఉన్నరు, నేనైతే వాటిని పక్కకు పెడ్త. సీసాలల్ల ఏమున్నదో అది చూడాలె. మామూలు నాలుగు రంగులు (నలుపు, పసుపు, నీలం లాంటి సయాన్, గులాబీ లాంటి మెజెంటా) రెండిట్ల ఉన్నయి, వాటికి తోడు ఎప్సన్ల లేత సయాన్, లేత మెజెంటా, కానన్ల ఎరుపు, గ్రే.

గ్రే సీసా ఉన్నదా లేదా, మొత్తం తేడా ఇక్కడనే. మనకాడ దీన్ని పరీక్ష పెట్టాలంటే రామప్ప గుడి ఫొటో ఒక్కటి చాలు. మదనికల (నాట్యం చేసే ఆడబొమ్మల) నల్లరాయి సంగతి రెండు ప్రింటర్లు బానే చూసుకుంటయి, మంచి గ్లాసీ పేపర్ పెడితే ముదురు నలుపు రెండిట్ల వస్తది. కానీ ఆ బొమ్మ వెనకాల ఎర్ర ఇసుకరాయి గోడ ఉంటది కదా, బ్లాక్ అండ్ వైట్ చేస్తే అదంతా నడిమిరకం బూడిద అయితది, అసలు కథ ఆ గోడ మీద. గ్రే సీసా లేని ప్రింటర్ ఆ బూడిదను ఎక్కువ శాతం రంగులు కలిపే తయారు చేస్తది, కలిపిన లెక్క కొంచెం అటిటు అయితే ట్యూబ్‌లైట్ కింద బాగనే ఉన్న ఫొటో పొద్దుగాల కిటికీ కాడ ఆకుపచ్చగనో గులాబీగనో కొడ్తది. కానన్ల కూడా రంగులు కలుస్తయి, అస్సలు ఛాయ రాదని కాదు, కాకపోతే గ్రే ఉండేసరికి రంగుల పని తగ్గుతది, ఛాయ తగ్గుతది. నలుపు తెలుపే నా పని అనేటోళ్లకు నా ఓటు జీ570కే.

అయితే ఎప్సన్‌ను తీసిపారేయలేం. లేత రంగులుండుట్ల కలర్ల మొహాలు నున్నగ వస్తయి, పీవీసీ కార్డులు కూడా కొడ్తది, హన్మకొండల చిన్న స్టూడియో పెట్టుకుని పాస్‌పోర్ట్ ఫొటోలు, కార్డులు కొట్టుకుంట ఎప్పుడన్న ఒక బ్లాక్ అండ్ వైట్ తీసే తమ్ముడికి నేను జీ570 కొను అని చెప్ప, ఎల్8050నే కొనమంట. ఏది కొన్నా దాని ఒరిజినల్ ఇంక్ మీ దగ్గర్ల ఏ షాపుల దొరుకుతదో ముందే అడగండ్రి, హైదరాబాద్ నుంచి తెప్పించుకునే బాధ పడకుండ్రి. సస్తాగ వస్తదని కంపాటిబుల్ ఇంక్ (వేరే కంపెనీది) పోస్తే కలర్ ఫొటోల పెద్దగ తెలువదు, బూడిద రంగుల ఎంటనే తెలుస్తది.

ఇంట్ల ఇప్పటికే జీ2010 లాంటి నాలుగు రంగుల కానన్ ఉంటే దాంట్ల ఒక తిరకాసు ఉన్నది, దాని నలుపు పిగ్మెంట్ (కరగని రంగు పొడి ఉన్న ఇంక్), గ్లాసీ పేపర్ మీద అది పడదు, నలుపును కూడా మిగిలిన మూడు రంగులతోనే కలుపుతది, అందుకే గోధుమ రంగు నలుపు వస్తది. మ్యాట్ పేపర్ పెట్టి కంప్యూటర్ల ప్రింట్ సెట్టింగులల్ల ప్లెయిన్ పేపర్, గ్రేస్కేల్ అని పెట్టి చూడుండ్రి, అసలు నలుపు అప్పుడు దిగుతది.

నెలకు నాలుగైదు ఫొటోలేనా? ప్రింటర్ వద్దు, ల్యాబుల ఇచ్చుడే నయం, ఆటో కరెక్షన్ (మిషిన్ తనంతట తనే రంగు, ఎలుగు మార్చుడు) బంద్ చేయమని మాత్రం చెప్పాలె. వాడకుండ పడుంటే మన మే నెల ఎండలకు నాజిళ్లల్ల (ఇంక్ చిమ్మే సన్న రంధ్రాలల్ల) ఇంక్ ఎండుతది, వాటిని కడిగే హెడ్ క్లీనింగ్ మాటిమాటికి కొడితే ఇంక్ మస్తుగ వేస్ట్ అయితది, అందుకే కొన్నంక వారానికి ఒక్క కలర్ ఫొటో అన్న తీస్తుండాలె.

ఇంకొకటి, డై ప్రింట్ బయటకు రాంగనే టోన్ చూసి సెట్టింగులు మార్చకుండ్రి, ఆరినంక మారుతది. ఒక రోజు ఆరనిచ్చి, పగటి ఎలుగుల ఒకసారి, గోడకు పెట్టే కాడ ఉన్న లైటుకు ఒకసారి చూసి అప్పుడు అద్దం ఫ్రేముల పెట్టుండ్రి, అద్దం లేకుంటే డై ఇంక్ గాలికి, ఎలుగుకు జల్ది పోతది.