ఇంట్లో పెద్ద చెట్టు: కొట్టేయించాలా, కొమ్మలు తీయిస్తే చాలా?

బెంగళూరులో పాత ఇల్లు కొంటున్న మనవాళ్లు ఈమధ్య నన్ను పదేపదే ఒకటే అడుగుతున్నారు. "కాంపౌండులో పెద్ద చెట్టుంది. గాలివాన వస్తే టెన్షన్‌గా ఉంటోంది. తీయించేద్దామా?" ఒకరిది మామిడి, ఒకరిది పనస, ఇంకొకరిది బటర్ ఫ్రూట్ (అవకాడో) చెట్టు. 30x40 అడుగుల సైటులో ఇంటికీ చెట్టుకూ మధ్య ఉండేది నాలుగడుగులే కాబట్టి ఆ భయం సహజమే. మేమూ ఈ ఏడాదే ఈ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. మా ఇంట్లో ఒక సిల్వర్ ఓక్, ఒక మామిడి ఉండేవి. సిల్వర్ ఓక్ తీయించాం, మామిడిని ఉంచాం.

దాదాపు అందరూ పైకి చూసి నిర్ణయం తీసుకుంటారు. ఎంత ఎత్తుంది, ఎంత వంగింది, కొమ్మలు ఇంటి మీదికి వచ్చాయా అని లెక్కేస్తారు. నా దృష్టిలో అసలు చూడాల్సింది కింద. నేల నుంచి మొదటి మూడడుగుల మాను, దాని చుట్టూ ఉన్న మట్టి. కొమ్మ విరిగితే కారు అద్దం పోవచ్చు. చెట్టు మొదలంటా పడితే గోడ, కరెంటు తీగలు, ఒక్కోసారి మనిషి ప్రాణం పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే ఈదురుగాలికి ఇక్కడ వేళ్లతో సహా ఒరిగే చెట్లను గమనించండి. చాలావాటికి ఒక పక్క కాలువ కోసమో కేబుల్ కోసమో తవ్వి వేళ్లు నరికేసి ఉంటారు. మరో పక్క మానుకు ఆనించి సిమెంటు వేసి ఉంటారు. వేళ్లు లోతుగా దిగి చెట్టును పట్టుకుంటాయని అనుకుంటాం కానీ, ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే పక్కలకు పాకుతాయి. మాను అడ్డకొలతకు మూడు నుంచి ఐదు రెట్ల దూరంలోపు ఉండే లావు వేళ్లే దాన్ని నిలబెడతాయి. అక్కడ తవ్వితే పచ్చగా కనిపించే చెట్టు కూడా పట్టు కోల్పోతుంది.

మా సిల్వర్ ఓక్ సరిగ్గా అలాగే ఉండేది. రోడ్డు వైపు వేళ్లన్నీ కాలువ పనిలో పోయాయి. మాను మొదలు దగ్గర, సిమెంటు అంచున, అరచేతి మందాన గట్టి పుట్టగొడుగులు అరలుగా పుట్టుకొచ్చాయి. వాటిని పీకేసినా లాభం లేదు, అవి కనిపించేసరికే లోపల చెక్క పుచ్చడం మొదలై ఉంటుంది. సుత్తి వెనకవైపుతో మాను చుట్టూ తట్టి చూస్తే ఇంటివైపు గట్టిగా పలికింది, రోడ్డువైపు డొల్లగా పలికింది. కోసిన తర్వాత చూస్తే ఆ వైపు చెక్క వేలితో నొక్కితే పొడిగా రాలింది. పైన ఆకు మాత్రం చివరిదాకా నిగనిగలాడుతూనే ఉంది. సిల్వర్ ఓక్ కలప అసలే పెళుసు. కాఫీ తోటల్లో నీడకు బాగా పనికొస్తుంది కానీ, ఇరుకు వీధిలో, పుచ్చిన మొదలుతో ఉంచుకోదగ్గ చెట్టు కాదు.

మామిడి సంగతి వేరు. అది బాగా వంగి ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలందరూ ముందు దాన్నే తీయించమన్నారు. కానీ అది పాత వంపు. మాను కింద వంగి, పైకి పోయేకొద్దీ మళ్లీ నిటారుగా తిరిగింది. అంటే చెట్టు చిన్నప్పుడే వెలుతురు కోసం వంగి, ఏళ్ల తరబడి ఆ బరువుకు తగ్గట్టు వేళ్లను, చెక్కను బలపరచుకుంది. భయపడాల్సింది కొత్త వంపుకు. నిన్నటిదాకా నిటారుగా ఉన్న మాను మొత్తంగా ఒక పక్కకు ఒరగడం, ఒరిగిన దిక్కుకు అవతల వైపు మట్టి పైకి లేవడం లేదా పగుళ్లివ్వడం కనిపిస్తే ఆలోచించే టైమ్ లేదు, వెంటనే తీయించండి. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోదు. చుట్టూ గట్టి చెక్క, మాను వ్యాసార్ధంలో కనీసం మూడో వంతు మందాన ఉంటే చాలావరకు నిలుస్తుంది. చూసి చెప్పగలిగినవాళ్లను పిలిపించి చూపించుకోవడం మేలు.

వేళ్లు పునాదిని లేపేస్తాయన్న భయం గురించి కూడా చెప్పాలి. మన వైపు నల్లరేగడి నేలలు చూసి పెరిగినవాళ్లకు ఈ భయం ఎక్కువ. ఆ నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. చెట్టు నీరు పీల్చేకొద్దీ అది ఇంకా కుంగి గోడలు నెరెలిస్తాయి. బెంగళూరులో ఎక్కువగా ఉండేది ఎర్రమట్టి, అంతగా ఉబ్బదు. సరిగ్గా కట్టిన పునాదిని మామిడి వేరు పగలగొట్టడం అరుదు. డ్రైనేజీ పైపులోకి వేరు దూరిందంటే ముందే అతుకు దగ్గర లీకు ఉందని అర్థం. ఆ తడి కోసమే వేరు అటు పోతుంది. కాంపౌండు గోడకు మాత్రం పునాది లోతు తక్కువ కాబట్టి నిజంగానే పగులుతుంది. దానికి వేరు నరకడం కన్నా, వేరు ఉన్నచోట గోడను చిన్న కాంక్రీటు దూలం మీద ఎత్తి కట్టించడం మంచిది. మేం అలాగే చేయించాం. గోడ పగుల్లోనో సజ్జా మీదో మొలిచిన రావి, మర్రి మొక్కలను మాత్రం చిన్నగా ఉన్నప్పుడే పీకేయాలి. అందులో రెండో మాట లేదు.

ఉంచాలనుకుంటే కొమ్మలు ఎలా తీయించాలన్నది తర్వాతి ప్రశ్న. మా దగ్గరికి పనికొచ్చిన చిత్తూరు వైపు కుర్రాడు, "తల కొట్టేస్తే సరిపోతాదన్నా, ఇంక గాలికి భయముండదు" అన్నాడు. చాలామంది ఇదే చేయిస్తారు. దయచేసి చేయించకండి. తల నరికిన చోట గుత్తులు గుత్తులుగా కొత్త కొమ్మలు లేస్తాయి. అవి మాను లోపలి నుంచి కాక పైపైన అతుక్కుని పెరుగుతాయి. కొన్నేళ్లకు అవే బరువెక్కి విరుగుతాయి. ఈలోగా కోసిన పెద్ద గాయాల్లోంచి పుచ్చు దిగుతుంది. ఎండిన కొమ్మలు, ఇంటి మీదికి, తీగల మీదికి వాలిన కొమ్మలు మాత్రమే తీయించాలి. కొమ్మ మానును కలిసే చోట ఉబ్బుగా ఒక పట్టీ ఉంటుంది, దాని బయట కోయాలి. పెద్ద కొమ్మైతే ముందు కాస్త దూరంలో కింది నుంచి సగం కోసి, తర్వాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. ఒక్క ఏడాదిలో పావు వంతు పచ్చదనానికి మించి తీయకూడదు. మామిడైతే కాయలు దిగాక, జులై, ఆగస్టులో చేయిస్తే తర్వాతి పూతకు దెబ్బ ఉండదు.

చెట్టును వేళ్లతో తీసి వేరేచోట నాటించవచ్చా అని కూడా అడుగుతున్నారు. రావి, మర్రి జాతి తట్టుకుంటాయి. ముదురు మామిడి, పనస బతకడం కష్టం. పైగా ఇళ్ల మధ్య ఇరుకు సందులోకి క్రేనే రాదు. సొంతింటికి ఇది పనికొచ్చే దారి కాదు.

వాస్తు కోసం తీయించాలనుకునేవాళ్లతో వాదించను. ముందు మొదలు చూసుకోండి, తర్వాత ఆలోచించండి అని మాత్రం చెబుతాను.

మన కాంపౌండులోదైనా సరే, కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం 1976 ప్రకారం చాలా చెట్లు కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ (చెట్ల అనుమతులు చూసే అధికారి) అనుమతి కావాలి. కొబ్బరి, సరుగుడు, నీలగిరి, సుబాబుల్, సిల్వర్ ఓక్ లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. అయినా ముందుగా అడిగి పెట్టుకుంటే పక్కింటివాళ్లు ఫిర్యాదు చేసినా ఇబ్బంది ఉండదు. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ (బెంగళూరు నగరపాలక సంస్థ) పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి, మీ ఇల్లు దేని కిందికి వస్తుందో చూసుకుని అక్కడి అటవీ విభాగంలో కనుక్కోండి. ఫుట్‌పాత్ మీది చెట్టు మనది కాదు, దాని కొమ్మ కూడా మనం కొట్టకూడదు. తీగల దగ్గర పని ఉంటే ముందే 1912కు ఫోన్ చేసి కరెంటు సంస్థ బెస్కాంవాళ్లతో మాట్లాడి, లైను ఆపిన తర్వాతే మనిషిని చెట్టెక్కనివ్వండి. గూళ్లు ఉన్నాయేమో కూడా చూడండి. పిల్లలు ఎగిరిపోయేదాకా పని వాయిదా వేయవచ్చు.

తీసేసిన చోటే వెంటనే ఇంకో చెట్టు నాటకండి. పాత వేళ్లు కుళ్లేకొద్దీ మట్టి దిగుతుంది, పుచ్చు తెచ్చిన బూజు కూడా అందులోనే ఉంటుంది. మేం నాలుగడుగులు పక్కకు జరిపి, సిమెంటు పగలగొట్టించి, వెడల్పుగా పాదు తీసి పారిజాతం వేశాం. మామిడి చుట్టూ ఉన్న సిమెంటు కూడా అదే రోజు తీయించేశాం.