రొయ్య పొట్టు పొడి: రంగు దిగింది, ఉప్పు దిగలేదు

చీరాలలో మాది చిన్న అద్దకం షెడ్డు, నూలుకి ఎక్కువగా రియాక్టివ్ రంగులే, అంటే పోగుకి రసాయనికంగా అతుక్కునేవే వేస్తాం. రంగు ఎంత బాగా పట్టినా కొంత నీళ్ళలో మిగిలిపోతుంది, నీలం వేసిన రోజు కాలవ చూస్తే మనకే సిగ్గేస్తుంది. పటిక వేసి చూశా, సరిగా దిగలేదు. చివరికి కైటోసాన్ కిలో ప్యాకెట్ 1,800 పెట్టి ఆన్‌లైన్లో తెప్పించా. రొయ్య పొట్టుని యాసిడ్‌లో వేసి సున్నం, కాస్టిక్ సోడాలో వేసి మాంసకృత్తులు తీసేసి, మళ్ళీ ఘాటైన కాస్టిక్‌లో ఉడికిస్తే వచ్చే సరుకిది. సంచి విప్పగానే మా అమ్మ లోపల్నుంచి, రొయ్యలు ఎవరు తెచ్చార్రా అంది.

ప్యాకెట్ మీద "నీళ్ళలో కలిపితే చాలు" అని ఉంది. కలిపా. గంటసేపు కర్రతో తిప్పినా రేకులు రేకుల్లాగే అడుగున కూర్చున్నాయి. ఇది ఉత్త నీళ్ళలో కరిగే రకమే కాదు, లీటరు నీళ్ళలో 10 మిల్లీలీటర్ల ఎసిటిక్ యాసిడ్ పోసి, అందులో 10 గ్రాములు వేసి రాత్రంతా నానబెడితే పొద్దుటికి చిక్కటి గంజిలా అయింది. ఆ ఒక్క ముక్క ప్యాకెట్ మీద వేస్తే ఏం పోయేది?

ఇంకో సంగతి, మన రంగు నీళ్ళలో రంగు పట్టడానికి వేసిన సోడా ఉంటుంది కదా, పీహెచ్ (పులుపు, క్షారం కొలత) 10 దాటి ఉంటుంది, అలాగే పోస్తే గంజి దండగ. యాసిడ్‌తో 5కి దించి, 20 లీటర్ల బకెట్‌లో అర లీటరు గంజి కొంచెం కొంచెంగా పోశా. విరిగిన పాలలాగా నీలం ముక్కలు ముక్కలుగా విడిపోయి కిందికి దిగింది, పాత పంచెలో వడకడితే లేత పసుపు నీళ్ళు. నిజం చెప్పాలంటే ఆ బకెట్ పట్టుకుని షెడ్డంతా తిరిగి అందరికీ చూపించా. బకెట్‌కి 9 రూపాయల పొడి, యాసిడ్ ఖర్చు వేరే.

బాగుంది కదా అని రెండో బకెట్‌లో ఇంకో లోటా ఎక్కువ పోస్తే మళ్ళీ మసకబారింది, కాబట్టి ముందు గాజు గ్లాసులో పోసి చూసుకోండి. చాపల వాళ్ళు వాడే బేసిక్ అనే వేరే రకం రంగుల మీద మాత్రం పనిచేయలేదు. ఆ రంగుకీ ఈ గంజికీ ఇద్దరికీ ప్లస్ ఛార్జే, ఒకదాన్నొకటి ఎందుకు పట్టుకుంటాయి.

అద్దకంలో వేసిన ఉప్పు అసలు తగ్గదు. నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని చూపించే టీడీఎస్ మీటర్ పెడితే రంగు దిగకముందు ఎంతో తర్వాతా దాదాపు అంతే, ఆ నీళ్ళు కొబ్బరి చెట్టుకి పోయకండి.

సరుకుకి నాలుగు స్టార్లు, ప్యాకెట్ మీది రాతలకి ఒకటి. వడకట్టిన నీలం ముద్ద ఎండబెట్టి సంచిలో కట్టి మూల పెట్టా, దీన్ని ఎక్కడ పారేయాలండీ అని అమ్మినాయనకి ఫోన్ చేస్తే, తర్వాత మాట్లాడతానని పెట్టేశాడు.