చెక్క సామానుకు బట్ట: అంటించడం మేలా, పిన్నులు కొట్టడం మేలా?

రంగు వెలిసిన కుర్చీకో, పెచ్చులూడిన సొరుగుల బల్లకో నచ్చిన బట్ట తొడిగి కొత్త కళ తేవాలనుకునేవారికి మొదట ఎదురయ్యే సందేహం బట్టను జిగురుతో అంటించాలా, టాకర్ గన్‌తో (పెద్ద స్టేప్లర్ లాంటి పనిముట్టు) కొట్టే పిన్నులతో బిగించాలా అన్నది. రెండూ చేసి, ఒకసారి చేయి కాల్చుకున్న అనుభవంతో చెబుతున్నాను: మనిషి కూర్చునే చోట పిన్నులే మేలు, నిలువుగా నిలబడి ఒత్తిడి పడని చోట జిగురు మేలు, గ్లాసులూ గిన్నెలూ పెట్టే బల్ల పైభాగానికి ఈ రెండూ పనికిరావు.

సికింద్రాబాద్‌లోని మా ఇంట్లో నాలుగు భోజనాల కుర్చీలకు రెక్సిన్ పగిలిపోయింది. వాటితోపాటు మూడు సొరుగుల ప్లైవుడ్ బల్లకూ బట్ట వేయాలనుకుని లెక్క కట్టాను. సీటు 18 అంగుళాల చదరం, ఫోమ్ మందం 2 అంగుళాలు, అడుగుకు మడవడానికి రెండున్నర అంగుళాలు. రెండు వైపులా కలుపుకుంటే ఒక్కో సీటుకు 27 అంగుళాల చదరపు ముక్క కావాలి. 44 అంగుళాల పన్నా ఉన్న బట్టలో అడ్డంగా ఒక ముక్కే వస్తుంది కనుక నాలుగింటికి 108 అంగుళాలు, అంటే దాదాపు 2.75 మీటర్లు కావాలి, మూడు మీటర్లు తీసుకోవాలి. అలా కత్తిరించాక పక్కన 17 అంగుళాల వెడల్పున పొడవాటి పట్టీ మిగులుతుంది. సొరుగుల ముఖాలకు ఆ పట్టీ సరిగ్గా సరిపోయింది, వేరే బట్ట కొనవలసిన పని పడలేదు.

బట్ట విషయంలో నా ఓటు పోచంపల్లి ఇక్కత్‌కే. నూలును ముందే ముడులు కట్టి రంగులు అద్ది ఆ తరువాత నేస్తారు కాబట్టి దానికి తిరగా మరగా తేడా దాదాపు ఉండదు. ఇక్కత్ పేరుతో అమ్మే అచ్చు బట్టను గుర్తుపట్టడానికీ ఇదే ఉపాయం. జనరల్ బజార్‌లో తాను విప్పించి వెనక్కి తిప్పి చూడండి, వెనుక రంగు వెలవెలబోతూ కనిపిస్తే అది నేత కాదు, అద్దకం. పెడన అచ్చు కలంకారీ కూడా అందంగానే ఉంటుంది గానీ, జిగురు తడికి రంగు దిగుతుందో లేదో తెలుసుకోవడానికి ముందుగా ఒక మూల తడిపి తెల్ల గుడ్డతో రుద్ది చూడడం తప్పనిసరి. ఏ నూలు బట్టనైనా నానబెట్టి, గంజి వదిలించి, నీడలో ఆరేసి ఇస్త్రీ చేసుకోవాలి. లేకపోతే తరువాత కుంచించుకుపోతుంది, గంజి మీద జిగురు కూడా గట్టిగా పట్టదు.

ఇక కుర్చీల సంగతి. సీటు అడుగున ఉన్న నాలుగు మరలు విప్పితే పలక విడిగా ఊడి వస్తుంది. బట్టను బోర్లా పరిచి, దాని మీద ఫోమ్, ఆ పైన పలక పెట్టి, ముందు ఒక వైపు నడుమ ఒక పిన్ను, తరువాత దానికి ఎదుటి వైపు నడుమ ఒక పిన్ను కొట్టుకోవాలి. అలాగే మిగిలిన రెండు వైపులా చేసి, నడుమ నుంచి అంచులకు జరుగుతూ, మూలలను చిట్టచివర మడవాలి. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసగా కొట్టుకుంటూ పోతే ఇక్కత్ గీత విల్లులా వంగుతుంది, ఆ వంపు గది అవతలి నుంచి కూడా కనిపిస్తుంది. నేను నాలుగైదు పిన్నులకోసారి పలకను తిప్పి చూసుకునేదాన్ని. గీత తిన్నగా ఉందా, ఎక్కడైనా అతిగా లాగానా అన్నది అక్కడే తెలుస్తుంది. 8 మిల్లీమీటర్ల పిన్నులు ప్లైవుడ్‌లోకి సునాయాసంగా దిగుతాయి, టేకులో మాత్రం సగం దిగి ఆగిపోతాయి, వాటిని చిన్న సుత్తితో కూర్చోబెట్టవలసిందే. టాకర్ గన్, పిన్నులు రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి.

సొరుగుల ముఖాలకు పిన్నులు కొడితే తలలు బయటికి కనబడతాయి, అక్కడ తెల్ల జిగురే దారి. పిడి విప్పి, పాత రంగును ఉప్పు కాగితంతో గరుకుగా రుద్ది, దుమ్ము తుడిచాక జిగురును నీళ్లు కలపకుండా పలుచగా, పాత ఏటీఎం కార్డుతో గీసినట్టు పరవాలి. జిగురు మందంగా పూస్తే బట్ట పీల్చుకుని పైకి నల్లటి మరకల్లా ఉబుకుతుంది. నడుమ నుంచి బయటికి అరచేత్తో నిమురుతూ గాలి బుడగలు పోగొట్టి, ఒక రోజంతా ఆరనిచ్చిన తరువాతే బ్లేడుతో అంచులు కోయాలి. తడి మీద కోస్తే దారాలు లేచివస్తాయి. గోడల పోస్టర్లకు వాడే మైదా జిగురు చవకే గానీ, పురుగులు దాన్ని వదలవు. పురుగు పట్టకుండా అందులో కలిపే మైలుతుత్తం విషం, పిల్లలున్న ఇంట్లో ఆ ఊసే వద్దు.

నా తప్పు బల్ల పైభాగం దగ్గర జరిగింది. ఒక చిన్న స్టూలు మీద ఇక్కత్ అంటించి, పైన వార్నిష్ కూడా వేయకుండా వదిలేశాను. వేడి చాయ్ గ్లాసు పెట్టిన చోట జిగురు మెత్తబడి, గుండ్రంగా ఒక బొబ్బలా బట్ట లేచింది. అప్పటి నుంచి బల్లలకు నేను జిగురే వాడను. బట్టను పరిచి, దాని మీద కొలతకు కోయించి అంచులు నున్న చేయించిన 5 మిల్లీమీటర్ల అద్దం పెడతాను. ఎప్పుడు విసుగు పుడితే అప్పుడు బట్ట మార్చుకోవచ్చు. అయితే బట్ట పూర్తిగా ఆరి ఉండాలి, లేకపోతే వానాకాలంలో అద్దం కింద చెమ్మ నిలిచి బూజు పడుతుంది.

పాత టేకు సామానుకు మాత్రం వీటిలో ఏదీ వద్దంటాను. హైదరాబాద్‌లో పాత సామాన్ల సంత అయిన జుమ్మేరాత్ బజార్‌లో కొన్న చేతుల కుర్చీని మా వీధి వడ్రంగికి చూపించి వీపుకు బట్ట అంటిస్తానంటే, ఆయన గోటితో చెక్కను గీకి చూసి, "గిది పాత టేకమ్మా, జిగురు పూస్తె ఖరాబైతది, పాలిష్ కొట్టిచ్చుకోండి" అన్నారు. పాలిషే కొట్టించాను. కుర్చీల్లో మిగిలిన బట్ట ముక్కలతో సీటుకు ఒక పలుచని దిండు కుట్టి, వెనుక కాళ్లకు నాడాలతో కట్టాను. మాసినప్పుడు విప్పి ఉతకడం ఒక్కటే దానికి చేయవలసిన పని.