సెల్ టవర్ లీజు డ్రాఫ్ట్: అద్దె అంకె చూసి సంతకం పెట్టకండి

టవర్ కంపెనీలు పొలం యజమానికి పంపే మామూలు లీజు డ్రాఫ్ట్‌కి, ఒక్క మార్పూ లేకుండా అయితే, ఐదుకి రెండు మార్కులు. బేరమాడి మార్పించుకుంటే నాలుగు దాకా వెళ్తుంది.

అసలు అది నిజమైన ఆఫరేనా అన్నది ముందు తేల్చుకోవాలి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ముద్ర వేసి, లక్షల్లో అడ్వాన్స్ ఆశ చూపి, ‘ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అంటే మోసమే. స్థలాల లీజుతో ట్రాయ్‌కి గానీ టెలికం శాఖకి గానీ సంబంధం లేదు. ఇలాంటి ఫోన్లొస్తే ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలోని ‘చక్షు’ విభాగంలో ఫిర్యాదు చేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఊళ్లో అందరూ అడిగేది నెలకెంత అని. అది ఏ రోజు నుంచి మొదలవుతుందో ఎవరూ అడగరు. చాలా డ్రాఫ్టుల్లో ‘ఆర్‌ఎఫ్‌ఐ తేదీ నుంచి’ అని ఉంటుంది, అంటే పరికరాలు బిగించడానికి టవర్ సిద్ధమైన రోజు. ఈలోగా గోతులు తవ్వి పని ఆపేసినా పైసా రాదు. ‘స్థలం అప్పగించిన తేదీ, లేదా సంతకాలైన 60వ రోజు, ఏది ముందైతే అది’ అని రాయించండి.

పెంపు మూడేళ్లకోసారి 15 శాతం అంటారు. ఏటా 5 శాతం అడగండి. 10,000 అద్దె మీద తొలి మూడేళ్లకి మొదటి లెక్కలో 3,60,000, రెండో లెక్కలో 3,78,300 వస్తాయి.

అసలు చిక్కంతా రద్దు షరతులోనే. కంపెనీ నోటీసిచ్చి ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు, యజమాని మాత్రం పదిహేను ఇరవై ఏళ్లు కదలకూడదు. దాన్ని పూర్తిగా తీసేయమంటే ఒప్పుకోరు. టవర్ మీదున్న ఆపరేటర్ ఖాళీ చేస్తే వాళ్ల రాబడే పోతుంది మరి. కాబట్టి మధ్యేమార్గం: కంపెనీకీ మూడేళ్ల లాకిన్ (అప్పటిదాకా వదిలి వెళ్లకూడదన్న షరతు), ముందే వెళ్తే ఆరు నెలల అద్దె, మూడు నెలలు బాకీ పడితే యజమానికి రద్దు హక్కు. పోయేటప్పుడు ఇనుము విప్పుకెళ్తారు, కాంక్రీటు పునాది నేలలోనే ఉండిపోతుంది. కనీసం మూడడుగుల లోతు వరకు పగలగొట్టి మట్టి నింపేదాకా అద్దె నడవాలని రాయకపోతే, ఆ చోట నాగలి దిగదు.

స్థలం వివరాలుండే షెడ్యూల్ పేజీని కొలత టేపు పక్కన పెట్టుకుని చదవాలి. 40×40 అడుగులంటే 1,600 చదరపు అడుగులు, సుమారు 3.67 సెంట్లు. సర్వే నంబర్ మొత్తం రాసేస్తే మిగతా పొలం అమ్ముకునేటప్పుడు ఈసీలో (ఆస్తి మీదున్న లావాదేవీలు చూపే పత్రం) ఈ లీజు అడ్డుపడుతుంది. హద్దులు, దారి వెడల్పు స్కెచ్‌లో ఉండాలి. పంట రుణం ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ తీసుకోవాలి. అసైన్డ్ భూమి అయితే వాటి బదిలీని నిషేధించే 1977 చట్టం లీజునీ బదిలీగానే చూస్తుంది, అందుకని ముందు రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఎ జాబితా చూసుకోండి.

ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చు కంపెనీదే అని రాయించాలి. టవర్ల మీద ఆస్తిపన్ను వేయొచ్చని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది; తర్వాత చట్టం మారినా, ఎప్పుడైనా పన్ను పడితే అదీ వాళ్ల ఖాతాలోకే పోవాలి. కరెంటు మీటరు కంపెనీ పేరునే ఉండాలి.

రేడియేషన్ గురించి ఇరుగుపొరుగు తప్పక అడుగుతారు. 2012 నుంచి మన పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతు. టవర్ల వివరాలు ప్రభుత్వ తరంగ్ సంచార్ పోర్టల్‌లో చూపించొచ్చు. నిజానికి రాత్రిళ్లు గొడవ తెచ్చేది జనరేటర్. అది ఇళ్ల వైపు కాకుండా ఏ మూలన ఉండాలో కూడా స్కెచ్‌లోనే గుర్తు పెట్టించండి.